బడి వేళల్లో ఫోన్ లేని హైస్కూలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆరు నుంచి పదో తరగతి దాకా ఉన్న బడుల్లో ఫోన్ల మాట వచ్చినప్పుడల్లా హెచ్.ఎం.లు, టీచర్లు, తల్లిదండ్రులు అడిగేవి దాదాపు ఇవే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని ప్రభుత్వ, ప్రైవేటు హైస్కూళ్లను దృష్టిలో పెట్టుకుని జవాబులు రాశాం. ఏ ప్రశ్నకాప్రశ్న విడిగా చదువుకోవచ్చు. ఫోన్ లేని బడి అంటే ఒకటే అర్థం: మొదటి బెల్లు నుంచి లాంగ్ బెల్లు దాకా పిల్లల చేతిలో గానీ, జేబులో గానీ, బ్యాగులో గానీ ఫోన్ ఉండదు.

## నిర్ణయానికి ముందు

ఫోన్లు తేకూడదని రూలు ఎప్పట్నుంచో ఉంది కదా, కొత్తగా చేసేదేముంది?

రూలు ఉన్న మాట నిజమే. సీబీఎస్ఈ 2009లోనే సర్క్యులర్ ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ 2023 ఆగస్టులో పిల్లలు బడికి ఫోన్ తేవద్దని, టీచర్లు క్లాసుకు వెళ్లేముందు తమ ఫోన్లు హెచ్.ఎం. దగ్గర పెట్టాలని ఉత్తర్వు ఇచ్చింది. చాలా బడుల్లో డైరీ మొదటి పేజీలోనూ ఆ వాక్యం ఉంటుంది. లేనిదల్లా ఒకటే: వద్దన్నా వచ్చేసిన ఫోన్‌ని ఎక్కడ పెట్టాలి, ఎవరు తీసుకోవాలి, ఎప్పుడు తిరిగివ్వాలి అన్న ఏర్పాటు. రూలు ఉండి చోటు లేకపోతే ఆ ఫోన్ టిఫిన్ బాక్సు కింద దాక్కుంటుంది. పిల్లాడికి అబద్ధం, టీచరుకి సోదా అలవాటవుతాయి. కొత్తగా చేయాల్సింది ఏర్పాటే.

క్లాసులో వాడకపోతే చాలదా? ఇంటర్వెల్‌లో చూసుకుంటే ఏం నష్టం?

చాలదు. సగం రూలు పెట్టిన బడుల్లో ఎక్కువ గొడవ వచ్చేది ఇక్కడే. ఇంటర్వెల్‌లో ఒక్కడు రీల్ పెడితే చుట్టూ పదిమంది మూగుతారు. లంచ్‌లో ఇన్‌స్టాలో మొదలైన తగాదా అయిదో పీరియడ్లో బెంచీల మధ్యకొస్తుంది. పైగా ఫోన్ జేబులో ఉండగా ఇది ఏ పీరియడ్, ఇప్పుడు చూడొచ్చా లేదా అని రోజుకు ఎనిమిదిసార్లు తేల్చాల్సిన భారం టీచరు మీద పడుతుంది. రోజంతా లేదంటే తేల్చాల్సింది ఒక్కసారే, పొద్దున. ఫ్రాన్స్ 2018లో చేసిన చట్టం కూడా బడి ఆవరణ మొత్తానికి వర్తిస్తుంది, ఆటస్థలంతో సహా.

పూర్తిగా నిషేధిస్తే కోర్టు ఒప్పుకోదంటున్నారు. నిజమేనా?

2025 ఫిబ్రవరి 28న ఢిల్లీ హైకోర్టు ఒక విద్యార్థి కేసులో ఇచ్చిన తీర్పును తలోరకంగా చెప్పుకుంటున్నారు. సంపూర్ణ నిషేధం ఆచరణ సాధ్యమూ కాదు, మంచిదీ కాదు అని కోర్టు అన్న మాట నిజం. అదే తీర్పులో వీలున్నచోట ఫోన్లు బడికి వచ్చాక అప్పగించి వెళ్లేటప్పుడు తీసుకునేలా చేయాలని, తరగతిలో వాడనివ్వకూడదని, బడి ఆవరణలో కెమెరా, రికార్డింగులు ఆపాలని, తప్పుచేస్తే ఫోన్ తీసి ఉంచుకోవడం తగిన శిక్షేనని, నియమాలు తల్లిదండ్రులతో, టీచర్లతో కలిసి రాసుకోవాలని కూడా ఉంది. అంటే ‘అప్పగించు, సాయంత్రం తీసుకో’ పద్ధతి ఆ తీర్పుకు విరుద్ధం కాదు. ఢిల్లీ తీర్పు మన రెండు రాష్ట్రాల బడుల్ని నేరుగా కట్టడి చేయకపోయినా నియమాలు రాసుకోవడానికి మంచి నమూనా.

దీనివల్ల మార్కులు పెరుగుతాయా?

పెరుగుతాయని మాటివ్వకండి. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు ఇంగ్లండ్‌లోని 91 బడుల లెక్కలు తీసి 2015లో చెప్పింది: నిషేధించాక వెనకబడిన పిల్లల ఫలితాలు మెరుగయ్యాయి, బాగా చదివేవాళ్లకు తేడా లేదు. 2025లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వాళ్లు 30 బడుల్లో చూస్తే, ఫోన్లు ఆపిన బడికీ ఆపని బడికీ పిల్లల మానసిక స్థితిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రోజు మొత్తమ్మీద ఫోన్ మీద గడిపే సమయమే అసలు లెక్క అని వాళ్లు తేల్చారు. కాబట్టి బడి చేయగలిగింది ఆ ఏడెనిమిది గంటల వరకే. పేరెంట్స్ మీటింగులో ఈ మాట ఉన్నదున్నట్టు చెబితే తర్వాత ‘ఏం ఒరిగింది?’ అన్న నిలదీత తప్పుతుంది.

మా బడిలో తెచ్చేది నలుగురైదుగురే. ఇంత హంగామా ఎందుకు?

ముందు లెక్క తీయండి. పేరు రాయనక్కర్లేని చీటీ మీద మూడు ప్రశ్నలు: ఫోన్ తెస్తావా, వారానికి ఎన్ని రోజులు, ఎందుకు? క్లాస్ టీచర్ కాకుండా వేరే టీచర్ చీటీలు సేకరించాలి. ఇలా అడిగితే వచ్చే సంఖ్య స్టాఫ్‌రూమ్ అంచనాకన్నా దాదాపు ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. ‘ఎందుకు’ అన్నదానికి వచ్చే జవాబులు మరీ ముఖ్యం: సాయంత్రం ట్యూషన్, బస్సు ఆలస్యం, ఇంట్లో ఎవరూ ఉండరు. ఏ ఏర్పాటు కావాలో అవే చెబుతాయి. నిజంగా నలుగురే అయితే హెచ్.ఎం. టేబుల్ సొరుగు చాలు.

## ఏర్పాట్లు

ఎవరిని ఒప్పించాలి? ఎప్పుడు మొదలుపెట్టాలి?

ముందు టీచర్లు, తర్వాత తల్లిదండ్రుల కమిటీ, ఆఖర్న పిల్లలు. ఈ వరస తిరగబడితే పని చెడుతుంది. తీర్మానం మినిట్స్ పుస్తకంలో రాసి సంతకాలు తీసుకోండి. రెండు వారాల ముందు ఇంటికి ఒక పేజీ కాగితం పంపండి. అందులో ఉండాల్సినవి: బడి ఫోన్ నంబరు, ఫోన్ అప్పగించే చోటు, దొరికితే ఏం జరుగుతుంది, మినహాయింపు ఎవరికి, కింద తల్లి లేదా తండ్రి సంతకం. మొదలుపెట్టడానికి జూన్‌లో బడులు తెరిచే వారం అన్నిటికన్నా మంచిది. అది దాటిపోతే దసరా లేదా సంక్రాంతి సెలవుల తర్వాతి మొదటి రోజు. పరీక్షల ముందు వారం మాత్రం వద్దు, ఎవరికీ ఓపిక ఉండదు.

ఫోన్లు ఎక్కడ పెట్టాలి? గోడకు జేబుల గుడ్డ వేలాడదీస్తే చాలా?

క్లాసులో వేలాడే జేబుల గుడ్డ చూడ్డానికి బాగుంటుంది గానీ తాళం ఉండదు. డ్రిల్లు పీరియడ్లో గది ఖాళీ అవుతుంది, ఫోన్ మాయమవుతుంది. బకెట్లోనో అట్టపెట్టెలోనో కుప్పగా పోస్తే స్క్రీన్లు గీసుకుపోతాయి, సాయంత్రం ఎవరిది ఏదో వెతకడానికే పావుగంట పోతుంది.

బాగా పనిచేసేది ఆఫీసు గదిలోని ఇనప బీరువా, అందులో అరలున్న చెక్కపెట్టె. కవరుతో కలిపి ఇప్పటి ఫోన్లు సుమారు 17 సెం.మీ. పొడవు, 8.5 సెం.మీ. వెడల్పు, ఒకటిన్నర సెం.మీ. మందం ఉంటాయి. ఫోన్‌ని పుస్తకంలా నిలువుగా తోసేలా ఒక్కో అర 3 సెం.మీ. వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు, 15 సెం.మీ. లోతు పెట్టించండి. లోతు తగ్గించింది కావాలనే. ఫోన్ చివర కాస్త బయటికి ఉంటేనే వేళ్లకు అందుతుంది. 6 మి.మీ. ప్లైవుడ్‌తో వరసకు 17 చొప్పున మూడు వరసలు చేయిస్తే 51 అరలు వస్తాయి. పెట్టె మొత్తం 62 సెం.మీ. వెడల్పు, 33 సెం.మీ. ఎత్తు అవుతుంది. చేయించే ముందు మీ బీరువా అర ఎత్తు కొలుచుకోండి. అరల మీద నంబర్లు పెయింటుతో రాయించాలి, స్టిక్కర్లను పిల్లలు పీకేస్తారు.

బీరువా పడమటి గోడకు ఆనుకుని గానీ కిటికీ ఎండలో గానీ ఉండకూడదు. ఒంటిపూట బడుల రోజుల్లో ఇనప బీరువా లోపల వేడి బ్యాటరీలకు మంచిది కాదు. లోపల చార్జింగ్ అస్సలు పెట్టనివ్వొద్దు. తాళంచెవులు రెండే: ఒకటి హెచ్.ఎం. దగ్గర, ఇంకోటి సీనియర్ అసిస్టెంట్ దగ్గర.

పొద్దున తీసుకోవడానికే ఒక పీరియడ్ పోదా?

పద్ధతి ఉంటే పోదు. ఒక్కో ఫోన్‌కి పది సెకన్లు వేసుకున్నా ముప్ఫై ఫోన్లకు అయిదు నిమిషాలు. ప్రేయర్ బెల్లుకు పదిహేను నిమిషాల ముందు నుంచి ఆఫీసు గుమ్మం దగ్గర టేబుల్ వేయాలి. పిల్లలు ఫోన్ పూర్తిగా స్విచాఫ్ చేసి (సైలెంట్ చాలదు, అలారాలు మోగుతాయి) నంబరున్న అరలో తామే పెట్టాలి. పెద్దవాళ్లు ఫోన్‌ని ఎంత తక్కువ ముట్టుకుంటే ‘మీ చేతిలోనే పగిలింది’ అన్న మాట అంత తక్కువ వస్తుంది. పిల్లలకు అదే నంబరు టోకెన్ ఇవ్వాలి. రిజిస్టరులో అయిదు గళ్లు చాలు: తేదీ, తరగతి-రోల్ నంబరు, టోకెన్, ఇచ్చిన సంతకం, తీసుకున్న సంతకం. స్క్రీన్ ముందే పగిలి ఉంటే పక్కన ‘ప’ అని రాయండి. ఆ ఒక్క అక్షరం చాలా తగాదాలు ఆపుతుంది.

సాయంత్రమే అసలు చిక్కు. లాంగ్ బెల్ కొట్టాక అందరూ ఒకేసారి ఎగబడతారు, బస్సు పోతుందని తోసుకుంటారు. దూరం బస్సుల పిల్లలకు అయిదు నిమిషాల ముందు, మిగతావాళ్లకు తరగతివారీగా ఇస్తే తోపులాట ఉండదు.

అమెరికా బడుల్లో తాళం పడే సంచులు వాడతారట. కొనాలా?

అవసరం లేదు. యాండర్ కంపెనీ సంచిలో ఫోన్ పిల్లల దగ్గరే ఉంటుంది, అయస్కాంతపు మీట దగ్గర తప్ప తెరుచుకోదు. అక్కడ తలకు సుమారు 25–30 డాలర్లు పడుతుంది. ప్రతి ఒక్కరి దగ్గరా ఫోన్ ఉండే, వేలమంది చదివే బడికి అది సరిపోతుంది. మన దగ్గర బీరువా చాలు.

ఫోన్ పోతే టీచర్ జీతంలోంచి కట్టాలా?

ఈ భయంతోనే చాలామంది టీచర్లు ఫోన్ తీసుకోవడానికి వెనకాడతారు. అందుకే సంతకం చేయించే కాగితంలోనే రాసుకోండి: ఫోన్ తేవడం కుటుంబం ఇష్టం, బడి తాళం వేసి జాగ్రత్త చేస్తుంది, అప్పగించకుండా దాచుకున్న ఫోన్‌కి బడి పూచీ ఉండదు. ఏ టీచరూ ఫోన్‌ని సొంత బ్యాగులోనో టేబుల్ మీదో పెట్టుకోకూడదు. తీసుకున్న అయిదు నిమిషాల్లో బీరువాకు చేరాలి.

సంతకం చేసేటప్పుడే తల్లిదండ్రులను ఫోన్‌లో స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ నొక్కమనండి. వచ్చే 15 అంకెల ఐఎంఈఐ నంబరు (ఆ ఫోన్ గుర్తింపు సంఖ్య) ఇంట్లో రాసి పెట్టుకోవాలి. ఫోన్ పోతే పోలీసు ఫిర్యాదు ప్రతితో కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో ఆ నంబరును బ్లాక్ చేయించవచ్చు.

టీచర్లు మాత్రం ఫోన్ పట్టుకు తిరగొచ్చా?

పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ఇదే, న్యాయమైన ప్రశ్న కూడా. ఇబ్బంది ఏమిటంటే హాజరు, మధ్యాహ్న భోజనం వివరాలు అన్నీ యాప్‌లలోనే పెట్టాలి. శాఖే ఒక చేత్తో ఫోన్ వద్దని, ఇంకో చేత్తో ఫొటో పెట్టమని అంటోంది. మధ్యేమార్గం: హాజరు మొదటి పీరియడ్ మొదట్లోనే పూర్తిచేసి ఫోన్ స్టాఫ్‌రూమ్‌లో (ఆంధ్రప్రదేశ్‌లో అయితే ఉత్తర్వు ప్రకారం హెచ్.ఎం. దగ్గర) పెట్టేయాలి. భోజనం ఫొటోల పని రోజుకొకరికి అప్పగించాలి. వరండాలో ఫోన్ మాట్లాడుతూ నడవకూడదు. ఈ మూడూ పాటించలేని బడి పిల్లల ఫోన్ల జోలికి వెళ్లకపోవడమే మేలు.

ట్యాబులు, పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌ల మాటేమిటి?

క్యూఆర్ కోడ్ వీడియోలు క్లాసులో చూపాలంటే టీచరు ముందే డౌన్‌లోడ్ చేసుకుని టీవీ లేదా ప్రొజెక్టర్ మీద ఒకేసారి అందరికీ చూపాలి. పిల్లల ఫోన్లతో పని లేదు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఎనిమిదో తరగతి పిల్లలకు ఇచ్చిన లాంటి ట్యాబులుంటే, ఏ పీరియడ్లో వాడాలో టైంటేబుల్లో రాసి ఆ పీరియడ్ అయ్యాక మూయించాలి. ‘ట్యాబ్ ఎలాగూ ఉందిగా, ఫోన్ ఉంటే ఏం’ అన్న మాట పుట్టేది ఇక్కడే.

## తల్లిదండ్రులు అడిగేవి

మా అమ్మాయి రెండు బస్సులు మారి వస్తుంది. ఫోన్ లేకుండా ఎలా పంపాలి?

ఫోన్ లేకుండా పంపక్కర్లేదు. దారిలో ఫోన్ ఉండొచ్చు, బడిలో ఉండకూడదు. పొద్దున అప్పగిస్తుంది, సాయంత్రం బస్సెక్కే ముందు తీసుకుంటుంది. దారి కోసమే అయితే కీప్యాడ్ ఫోన్ మేలు. చార్జింగ్ రోజుల తరబడి వస్తుంది, పోయినా గుండె గుభేలుమనదు.

అర్జంటుగా మా వాడితో మాట్లాడాలంటే?

బడి నంబరుకి చేయండి. దీనికోసం బడి ఒక సొంత సిమ్ తీసుకుని కీప్యాడ్ ఫోన్‌లో వేసి ఆఫీసులో ఉంచాలి. హెచ్.ఎం. సొంత నంబరు ఇవ్వొద్దు. బదిలీ అయ్యాక ఆ నంబరు పక్క మండలంలో మోగుతుంటుంది. బడి నంబరును పిల్లల ఐడీ కార్డు వెనక ముద్రించండి. కబురు చీటీ మీద రాసి పది నిమిషాల్లో క్లాసుకు చేర్చాలి. పిల్లలు ఇంటికి చేయాలన్నా అదే ఫోన్, ఎవరినీ బతిమాలే పని లేకుండా. మొదటి వారంలో మూడుసార్లు ఎత్తకపోతే నాలుగోసారి తల్లి పిల్లాడి బ్యాగులో రహస్యంగా ఫోన్ పెట్టి పంపుతుంది. అందుకే రికార్డ్ అసిస్టెంట్ లేని బడిలో ఆ ఫోన్ ఎత్తే డ్యూటీ పీరియడ్‌వారీగా ఖాళీగా ఉన్న టీచరుకి వేయాలి.

ఏదైనా ప్రమాదం జరిగితే?

ప్రమాదంలో పిల్లలు టీచరు మాట వినాలి. ఆరువందలమంది ఒకేసారి ఇళ్లకు ఫోన్లు చేస్తే సగం పుకార్లే వెళ్తాయి, గేటు దగ్గర బైకులు నిండి అంబులెన్సు లోపలికి రాలేదు. ప్రతి సెక్షన్ తల్లిదండ్రుల నంబర్లు కాగితం మీద ముద్రించి ఆఫీసులో ఒకటి, పి.ఇ.టి. (వ్యాయామ టీచర్) దగ్గర ఒకటి ఉంచాలి.

మా బాబుకి షుగర్. షుగర్ కొలిచే సెన్సర్ ఫోన్‌కే కలిపి ఉంది.

ఆ ఫోన్ బాబు దగ్గరే ఉండాలి. టైప్ 1 డయాబెటిస్ పిల్లల సెన్సర్ రీడింగ్ తగ్గినప్పుడు, సాధారణంగా 70 దగ్గర, అలారం ఇస్తుంది. దాన్ని బీరువాలో పెట్టడం ప్రమాదం. డాక్టరు చీటీ జిరాక్స్ ఇవ్వండి. క్లాస్ టీచరుకి, పి.ఇ.టి.కి అలారం మోగితే ఏం తినిపించాలో చెప్పండి. చూపు తక్కువైన పిల్లల స్క్రీన్ రీడర్‌కు, ఫోన్‌తో నడిచే వినికిడి యంత్రానికి కూడా ఇదే మినహాయింపు. కారణం క్లాసందరికీ ప్రకటించకూడదు.

స్మార్ట్ వాచ్ పెట్టుకోవచ్చా?

సిమ్ ఉన్నా, మెసేజ్‌లు చూపించినా అది ఫోనే. ముళ్ల గడియారం, మామూలు డిజిటల్ వాచ్ ఫర్వాలేదు.

బడే హోంవర్క్ వాట్సాప్‌లో పెడుతుంది కదా?

బడి మానుకోవాల్సిన అలవాటు ఇది. ఆఖరి పీరియడ్ చివర అయిదు నిమిషాలు బోర్డు మీద రాయించి డైరీలో ఎక్కించాలి. గ్రూపును సెలవులు, ఫీజులు, మీటింగుల కబుర్లకే ఉంచాలి. లేకపోతే సాయంత్రం ‘హోంవర్క్ చూసుకుంటున్నా’ అన్న పేరుతో రెండు గంటలు ఫోన్ పిల్లాడి చేతిలోనే ఉంటుంది.

## మొదలయ్యాక

పాడైపోయిన పాత ఫోన్ అప్పగించి అసలుది దాచుకుంటున్నారు. ఎలా పట్టుకోవాలి?

రెండో వారంలో తప్పకుండా వచ్చే ఉపాయమిది. అప్పగించేటప్పుడు ఫోన్ వెలిగించి చూపించి, కళ్లముందే స్విచాఫ్ చేయమనండి. వెలగని ఫోన్ తీసుకోవద్దు. బ్యాగులు సోదా చేయడం మొదలుపెడితే మాత్రం అంతముండదు, ఆడపిల్లల బ్యాగుల విషయంలో అది కొత్త గొడవ. ఒకరిద్దరు తప్పించుకుంటారు. ఒక్కడు బాత్రూంలో దొంగతనంగా చూడటానికీ, నలభైమంది బెంచీ కింద చూడటానికీ చాలా తేడా ఉంది.

దొరికితే ఏం చేయాలి?

మొదటిసారి: లాంగ్ బెల్ దాకా బీరువాలో, రిజిస్టరులో ఒక గీత, మందలింపు కూడా అక్కర్లేదు. రెండోసారి: తల్లికో తండ్రికో ఫోన్ చేసి చెప్పి సాయంత్రం పిల్లలకే ఇవ్వాలి. మూడోసారి: పెద్దవాళ్లు వచ్చి తీసుకోవాలి. కూలికి వెళ్లేవాళ్లను పనివేళలో రమ్మంటే ఆ శిక్ష పిల్లాడికి కాదు, వాళ్ల రోజు కూలికి పడుతుంది. పొద్దున ఎనిమిదిన్నరకో సాయంత్రం ఆరుకో రమ్మనండి.

చేయకూడనివి: అందరి ముందు ఫోన్ పగలగొట్టడం, నెలల తరబడి ఉంచేసుకోవడం, సిమ్ పీకేయడం, ఫైన్ వేయడం, కొట్టడం. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది.

తీసుకున్న ఫోన్ తెరిచి గ్యాలరీ చూడొచ్చా?

చూడొద్దు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది, అది పిల్లలకూ వర్తిస్తుంది. ఆడపిల్లల ఫొటోలు తీశారనో, అసభ్య వీడియో ఉందనో ఫిర్యాదు వస్తే ఫోన్ స్విచాఫ్ చేసి కవరులో పెట్టి అతికించి, పైన సమయం, ఇద్దరి సంతకాలు వేసి, తల్లిదండ్రులకు కబురు పంపండి. ఆ వీడియోను ‘రుజువు కోసం’ టీచరు తన ఫోన్‌లోకి పంపించుకోవడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. అది తానే నేరంలో ఇరుక్కోవడం అవుతుంది. సైబర్ నేరాలకు 1930, పిల్లల రక్షణకు 1098.

లంచ్‌లో పిల్లలకు ఏం తోచడం లేదు, కొట్టుకుంటున్నారు.

మొదటి రెండు మూడు వారాలు అలాగే ఉంటుంది. ఫోన్ తీసేసిన చోట ఏదో ఒకటి పెట్టాలి. సెక్షనుకు రెండు రింగులు, ఒక త్రోబాల్, రెండు తాళ్లు చాలు. ఎండ రోజుల్లో క్యారమ్, చదరంగం. వీటిని బీరువాలో దాచకుండా క్లాస్ లీడర్ చేతికివ్వండి, ఒకటి పోతే పోతుంది. లైబ్రరీ గది లంచ్‌లో తెరిచి ఉంచితే కూడా కొందరు అటు వెళ్తారు.

మొదట్లో బాగుంది, దీపావళికల్లా సడలిపోయింది. ఎందుకు?

కారణాలు సాధారణంగా మూడు. పొద్దున టేబుల్ దగ్గర ఒక్కరే నిలబడేవారు, వారు సెలవు పెట్టారు. పదో తరగతి ‘పెద్దపిల్లలు’ అని చూసీచూడనట్టు వదిలేశారు. ఒక టీచరు ‘నా క్లాసులో ఫర్వాలేదు’ అన్నారు. మూడోది అన్నిటికన్నా చెడ్డది, ఎందుకంటే అక్కణ్నుంచి రూలు పాటించే టీచరు చెడ్డవారైపోతారు. నెలకోసారి స్టాఫ్ మీటింగులో రిజిస్టరు తెరిచి రెండు సంఖ్యలు చదవండి: రోజుకు సగటున ఎన్ని అప్పగించారు, ఎన్ని దొరికాయి. అప్పగించేవి హఠాత్తుగా తగ్గితే సంబరపడకండి. పిల్లలు ఫోన్ మానేశారనో, దాచడం నేర్చారనో మిగతా గుర్తులు చూసి తేల్చాలి.

పదో తరగతి పబ్లిక్ పరీక్షల రోజుల్లో ఇదే పద్ధతా?

కాదు. పరీక్ష కేంద్రంలోకి పిల్లలే కాదు, ఇన్విజిలేటర్లు కూడా ఫోన్ తేకూడదు. 2023 ఏప్రిల్‌లో తాండూరులో పరీక్ష మొదలైన కాసేపటికే తెలుగు ప్రశ్నపత్రం వాట్సాప్‌లో తిరిగింది. పిల్లలకు ముందురోజే చెప్పండి: ఫోన్ ఇంట్లోనే. గేటు బయట ఎవరి చేతికో ఇచ్చి లోపలికొస్తే పరీక్ష మధ్యలోనూ మనసు దానిమీదే ఉంటుంది.

## విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు అడిగేవి

మేం టెక్సాస్‌లో ఉంటాం. అక్కడి కొత్త చట్టం ఏం చెబుతుంది?

2025 జూన్‌లో సంతకమైన హెచ్‌బీ 1481 అనే చట్టం ప్రకారం ప్రభుత్వ బడుల్లో, ప్రభుత్వ డబ్బుతో నడిచే చార్టర్ బడుల్లో బడి వేళ మొత్తం సొంత ఫోన్లు, స్మార్ట్ వాచ్‌లు, ట్యాబులు వాడకూడదు. బడి ఇచ్చిన పరికరాలకు ఇది వర్తించదు. బడికి తేనే వద్దనాలా, తెచ్చి ఒకచోట పెట్టమనాలా అన్నది ఆ ఊరి బడుల్ని నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ ఇష్టం. కాబట్టి ఫ్రిస్కోలో ఉన్న పద్ధతే అర్వింగ్‌లోనూ ఉంటుందనుకోవద్దు, మీ డిస్ట్రిక్ట్ హ్యాండ్‌బుక్ చూడండి. వైద్య అవసరానికి డాక్టరు కాగితం, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బడి రాసిచ్చే ఐఈపీ లేదా 504 ప్లాన్ అనే ప్రణాళికలో ఆ సంగతి రాసి ఉండటం చూసుకోవాలి.

ఇండియా నుంచి తాతయ్య, అమ్మమ్మ పగలంతా వీడియో కాల్ చేస్తుంటారు. వాళ్లకెలా చెప్పాలి?

వేళ లెక్క కట్టి చెప్పండి. వేసవి సమయం నడిచే నెలల్లో ఇండియాలో రాత్రి ఏడున్నర అంటే టెక్సాస్‌లో ఉదయం తొమ్మిది. ఇంట్లో భోజనాలయ్యాక తీరిగ్గా చేసే కాల్ సరిగ్గా మొదటి పీరియడ్లో మోగుతుంది. ఇండియాలో తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఉదయం ఎనిమిదిన్నర దాకా పిల్లలు ఇంట్లో మెలకువగా ఉంటారు. కాఫీ వేళకు చేయమంటే సరిపోతుంది.